రెండు మంచాల గది

పుంగనూరులో ఆ ఇంటికి పనికి వెళ్లిన మొదటి రోజు, నన్ను వసారాలో కూర్చోబెట్టి చేట నిండా చెనిక్కాయలు పోసి ఒలవమన్నారు. నేను వెళ్లింది అందుకు కాదు. ఆ ఇంటి పెద్దాయనకు వణుకుడు జబ్బు. కాళ్లూ చేతులూ బిగుసుకుపోయి, మంచం దిగాలన్నా ముద్ద నోటికి పోవాలన్నా ఇంకొకరి చెయ్యి కావాలి. ఆ పనికే ఆయన కొడుకు నన్ను పిలిపించాడు. కానీ ఆయన భార్య, ఆ ఇంటి పెద్దమ్మ, గది గడప దగ్గరే నన్ను నిలబెట్టేసింది.

"నేను బతికే ఉండాను గదా! నా మొగుణ్ణి ముట్టుకునేదానికి పరాయి మనిషి యాల?" అంది.

"అమ్మా, నీ నడుము ఎట్లుండాదో సూసుకున్నావా?" అన్నాడు కొడుకు.

"నా నడుముకేం? నువ్వు పో. పురుగులకు ఆకు లేదు."

వాళ్లది మల్బరీ తోట, పట్టుపురుగుల పెంపకం. కొడుకు తోటకు వెళ్లిపోయాడు. నేను చేట ముందు కూర్చున్నాను.

మాది పెద్దమండ్యం పక్కన మెట్ట పల్లె. గొర్రెలు మేపుకునే ఇల్లు. పెళ్లయ్యాక మదనపల్లెకు వచ్చి టమోటా మండీలో కాయలు ఏరేదాన్ని. మా వీధిలోనే ఒక టీచరమ్మ తల్లి బాత్‌రూంలో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. కూతురు బడికి పోయినంతసేపు తోడుండమంటే, మండీలో కాయ లేని రోజులు కదా అని ఒప్పుకున్నాను. ఆ ముసలామెను ఎత్తడం, తుడవడం, బట్టలు మార్చడం నాకు అసహ్యమనిపించలేదు. ఈనే గొర్రె పక్కన కూర్చుని పెరిగినదాన్ని. రక్తమూ ఉమ్మనీరూ చిన్నప్పటి నుంచీ చూసినవే. ఒకరోజు ఆమె నా మణికట్టు పట్టుకుని, "నీ సేతిలో బయం లేదు పాపా. కుప్పంలో ఈ పని నేర్పిస్తారంట, పోరాదా?" అంది. నా చేతి గురించి అంతకుముందు ఎవరూ ఏమీ అనలేదు.

మా అమ్మ మాత్రం ఫోన్‌లోనే అరిచింది. "పరాయోళ్ల పీతి ఎత్తేదానికి ఊరూరూ తిరగల్లనా? నీ సెల్లెలు సూడు, గార్మెంట్స్‌లో కుర్చీలో కూసోని కుట్టుకుంటాంది!"

అయినా వెళ్లాను. మా ఆయన టమోటా లారీ తోలుతాడు. "నీకు బాగుంటే నాకూ బాగే" అన్నాడు. కుప్పంలో మాతో పాటు నేర్చుకునేవాళ్లు తెలుగూ తమిళమూ కన్నడమూ కలిపి మాట్లాడేవాళ్లు. బీపీ చూడడం, పుండ్లు పడకుండా మనిషిని పక్కకు తిప్పడం, మంచం నుంచి కుర్చీలోకి మార్చడం అక్కడే నేర్చుకున్నాం. ఒకరోజు మా కళ్లకు గుడ్డలు కట్టి, ఒకరికొకరు గంజి తాపమన్నారు. చెంచా ఎప్పుడొస్తుందో తెలియదు, ఎంత వేడో తెలియదు. నోరు తెరుచుకుని కూర్చుంటే నాకు ఏడుపొచ్చింది. తర్వాత ఎవరికి తినిపించినా, ముందు మాట చెప్పి ఆ తర్వాతే చెంచా ఎత్తుతాను.

అదంతా నేర్చుకుని వచ్చి, పుంగనూరులో ఆ ఇంట్లోనే ఉంటూ చెనిక్కాయలు ఒలుస్తున్నాను. రోజూ అదే పని, లేదంటే చింతపండు గింజలు తీయడం. తలుపు సందులోంచి చూస్తే పెద్దమ్మ ఆయన చంకల కింద చేతులు వేసి ఒక్క ఊపున లేపేది. లేపి గోడ పట్టుకుని ఊపిరి తీసుకునేది. ఆయన ముఖం బిగుసుకుపోయి నవ్వూ ఏడుపూ ఒకేలా ఉండేవి. కళ్లు మాత్రం ఆమె వెంటే తిరిగేవి. నేను మానేస్తానంటే కొడుకు, "ఇంగొక వారం సూడమ్మా" అని బతిమాలాడు.

వారం తిరగకముందే ఒక ఉదయం గదిలో దబ్బుమని చప్పుడైంది. లేచి పరిగెత్తాను. ఆయన సగం మంచం మీద, సగం కింద. ఆయన బరువంతా మోస్తూ పెద్దమ్మ నేల మీద కూలబడి ఉంది. నడుము పట్టేసి కదలలేదు, అయినా పట్టు వదల్లేదు.

"అమ్మా, వదలండి. నేను పట్టుకున్నాను" అన్నాను.

"పడిపోతాడు."

"పడడమ్మా. నా కాలుకు ఆనుకోని ఉండాడు, సూడండి."

ఆమె చూసింది. ఒక్కొక్క వేలే వదిలింది. ఆయన్ను నా తొడ మీదుగా మెల్లగా నేలకు జార్చి, తల కింద దిండు పెట్టాను. ఆయనకు దెబ్బ తగల్లేదు. పెద్దమ్మనే లేపలేకపోయాను. కొడుకు వచ్చాక ఇద్దరం కలిసి పడుకోబెట్టాం. నెల రోజులు మంచం దిగొద్దన్నాడు డాక్టరు. ఆయన కనిపించకుండా ఉండలేనని ఆమె పట్టుబడితే, అదే గదిలో రెండో మంచం వేశారు.

ఇక మొదలైంది ఆమె పెత్తనం. "సొక్కా ఎడం సెయ్యి ముందు ఎయ్యి. అది బాగా బిగుసుకుంటాది." "ఉడుకునీళ్లు ఇంగా రవ్వంత కలుపు, సన్నీళ్లంటే వణుకు ఎక్కువవుతాది." రాగిగంజి ఆయన గొంతు దిగకపోతే, "పురుగుల సంగతి సెప్పు, తాగుతాడు" అనేది. "గూళ్లు కడతాండాయప్పా, తెల్లంగా ఉండాయి" అని నేను చెబుతుంటే నిజంగానే గుటక వేసేవాడు. కుప్పంలో నేర్పనివి ఆ మంచం మీది నుంచి ఆమె నేర్పింది.

కానీ తన ఒంటి మీద మాత్రం చెయ్యి వేయనివ్వలేదు. తడిగుడ్డ తనకే ఇమ్మనేది. వీపు అందేది కాదు, జుట్టు అట్టలు కట్టింది. చివరికి తల దురద భరించలేక, ఒక మధ్యాహ్నం, "సీకాయ ఉండాది, తీసుకురా" అని గోడ వైపు తిరిగింది.

మంచం అంచుకు ఆమె తల తెచ్చి, కింద బకెట్టు పెట్టి, మెడ కింద తువ్వాలు చుట్టాను. "నీళ్లు పోస్తాండానమ్మా" అని చెప్పి పోశాను. వేళ్లతో మెల్లగా రుద్దుతుంటే ఆమె కళ్లు మూసుకుంది. కాసేపటికి చెంపల మీదుగా కన్నీళ్లు జారాయి. సీకాయ పడిందేమోనని చెయ్యి ఆపాను.

"కంట్లో పడిందామ్మా?"

"లేదు. నీ పని నువ్వు సెయ్యి." నేను మళ్లీ రుద్దడం మొదలుపెట్టాక అంది, "నా కొడుకు కాన్పప్పుడు మాయమ్మ పోసింది తలకు. ఆ తర్వాత నాకెవురూ పోయలా."

పక్క మంచం మీది నుంచి పెద్దాయన గొంతు వినిపించింది. ఆయన మాట్లాడి చాలా రోజులైంది. ఒక్కొక్క మాటే పైకి తోడినట్టు అన్నాడు: "నేను... గూడా... పోయలా."

ఆమె తల తిప్పలేకపోయింది. "నువ్వు యాడ పోస్తావప్పా, తోట ఇడిసిపెట్టి" అని నవ్వింది. ఏడుస్తూనే నవ్వింది.

ఆ రోజు తర్వాత ఖాళీ ఉన్నప్పుడు కూడా నేనింక వసారాలో కూర్చోలేదు.

ఆమె లేచి తిరగడం మొదలుపెట్టిన రోజుల్లో మా అమ్మ నన్ను తీసుకుపోవడానికి వచ్చింది. గార్మెంట్స్‌లో చెల్లెలు నా గురించి మాట్లాడి పెట్టిందట. నేను పెద్దాయనకు సంకటి మెత్తగా పిసికి తినిపిస్తుంటే అమ్మ గుమ్మంలో నిలబడి చూసింది. పెద్దమ్మ ఆమెను కూర్చోబెట్టి, అదే సంకటి, ఊరిబిండి పచ్చడి పెట్టింది. అమ్మను బస్టాండు దాకా తీసుకెళ్లాను. బస్సు కనిపించాక అంది, "మీ తాత మూడేండ్లు కొట్టంలో పండుకున్యాడు, ఈపంతా పుండ్లు. ఒక పక్కకు తిప్పల్లని మాకెవురూ సెప్పలా." గార్మెంట్స్ మాట ఎత్తకుండానే బస్సెక్కింది. నేను ఇక్కడే ఉండిపోతానని ఆ సాయంత్రమే మా ఆయనకు ఫోన్‌లో చెప్పాను.

పెద్దాయన ఎండాకాలం రాకముందే పోయాడు. పగటిపూట, పెద్దమ్మ కాళ్లు ఒత్తుతుండగా, నిద్రలోనే. చివరి స్నానానికి పాలివాళ్లు, ఆయన దాయాదులు, వాకిట్లో బిందెలు దించారు. ఆమె వచ్చి నీళ్లలో చెయ్యి పెట్టి చూసింది.

"ఇవి సన్నీళ్లు. కాంచుకోని రాండి. ఆయనకు పడవు."

మగవాళ్లు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. కొడుకే వెళ్లి పొయ్యి అంటించాడు.

కర్మ అయ్యేదాకా ఉండమంటే ఉన్నాను. తర్వాత నేను బట్టలు సర్దుకుంటుంటే, ఎదురింటి కోడలు పెద్దమ్మ దగ్గరకు వచ్చింది. వాళ్ల మామకు పక్షవాతం వచ్చి ఆస్పత్రి నుంచి తెచ్చారు, ఎత్తడం చేతకావడం లేదట. పెద్దమ్మ చీర చెంగు దోపుకుని, "పా, పోదాం" అని నన్నూ లేపింది. అక్కడ నేను నోరు తెరిచే పనే పడలేదు. "అట్ల గుంజితే నీ నడుమే పోతాది పాపా. మోకాళ్లు వంచు. ముందు ఆయనకు సెప్పు, లేపుతాండామని" అంటూ తానే చూపించింది. నేను రెండో పక్క పట్టుకున్నానంతే.

వచ్చేటప్పుడు దారిలో, "రేపు గూడా రావల్ల. ఆ పాపకు ఇంగా సెయ్యి తిరగలా" అంది. ఆ ఇంట్లో నన్నే పనికి కుదుర్చుకున్నారు. నేను పగలంతా ఉంటే, సాయంత్రం పురుగులకు ఆకు వేసి వచ్చి, పెద్దమ్మ అక్కడ కాసేపు కూర్చునేది.