ఖాళీగా మండిన పొయ్యిలు

ఆనాటి సమీక్షా సమావేశంలో నేను చేసిన వాదన తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

తెలంగాణ వచ్చిన రెండు మూడేళ్లకు, నేను ఫిజిక్స్ పాఠాలు చెప్పే డిగ్రీ కాలేజీకి ప్రభుత్వ పరిశోధన నిధులతో ఒక ప్రాజెక్టు వచ్చింది. పొగలేని పొయ్యి. సోలార్ పలక కరెంటుతో తిరిగే చిన్న ఫ్యాను గాలి ఊదుతుంటే పుల్లలు పొగ రాకుండా మండుతాయి. పొయ్యి తయారు చేసింది హైదరాబాదు ప్రొఫెసరు. ఇళ్లలో పెట్టి పరీక్షించడం నా వంతు. దేవరకొండ అవతల మా అమ్మ ఊరినే ఎంచుకున్నాను. ఒకే వీధిలో ఇరవై ఇళ్లు. ప్రతి పొయ్యికీ అగ్గిపెట్టెంత పరికరం అమర్చాం. పొయ్యి ఎప్పుడు వెలిగిందో, ఎంతసేపు మండిందో అదే నమోదు చేసుకుంటుంది.

గ్యాస్ అందరి ఇళ్లలోనూ ఉంది. కానీ అది చాయకు, కూరకు. జొన్న రొట్టెలకు మాత్రం కట్టెల పొయ్యే. ఆ పొగకు అమ్మ కళ్లు ఎప్పుడూ ఎర్రగా ఉండేవి, దగ్గు సరేసరి. అందుకే ఈ ప్రాజెక్టు మీద నాకంత పట్టుదల.

"పల్లెటూరి ఆడవాళ్లు కొత్తది వాడరు మేడం, వారం చూసి మూలన పెడతారు" అన్నాడు ఆ సమావేశంలో కమిటీ సభ్యుడొకాయన. నేనూరుకుంటానా? "మీ ఇంట్లో వంట ఎవరు చేస్తారు సార్? ముందు వాళ్లనడిగి రండి" అన్నాను. ఆరు నెలల గ్రాఫులు ముందు పెట్టాను. ప్రతి ఇంట్లో రోజూ రెండు పూటలా పొయ్యి వెలిగింది. పైగా మొదటి ఇంట్లో వెలిగిన రెండు మూడు నిమిషాలకు రెండో ఇంట్లో, ఆ తర్వాత మూడో ఇంట్లో, అలా వీధి వరుసన. "చూశారా, ఒకరిని చూసి ఒకరు నేర్చుకుంటున్నారు" అని వివరించాను కూడా. ఆయన నోరు మూతపడింది. ఇదే పొయ్యిని వందల ఇళ్లకు పంచడానికి రెండో విడత నిధులిస్తామన్నారు. నివేదిక మీద నా సంతకమే మిగిలింది.

సంతకానికి ముందు ఆదివారం పొద్దున్నే బస్సెక్కి అమ్మ దగ్గరికి పోయాను. ఎప్పుడూ ముందుగా ఫోన్ చేసి, ప్రాజెక్టు జీపులో పోయేదాన్ని. ఆ రోజు చెప్పలేదు.

వాకిట్లో కొత్త పొయ్యి బ్రహ్మాండంగా మండుతోంది. ఫ్యాను గుయ్యిమంటోంది. దాని మీద గిన్నె లేదు, రొట్టెలు కాల్చే పెంక లేదు. దగ్గర మనిషి కూడా లేదు. ఇంటి వెనక నుంచి పొగ, రొట్టె కొడుతున్న చప్పుడు. వెళ్లి చూస్తే అమ్మ పాత మట్టి పొయ్యి ముందు కూర్చుని, కొంగుతో కళ్లు తుడుచుకుంటూ రొట్టె తిప్పుతోంది.

వంట లేకుండా పొయ్యి మండించడం మా ఇంట్లో నేనెప్పుడూ చూడలేదు.

"ఏందే బిడ్డా, జీపు సప్పుడు రాకపాయె?" అంది అమ్మ.

"ముందటి పొయ్యి ఎందుకు మండుతాంది?"

"అగో! నువ్వే అంటివి గదనే. దినాం రెండు పూటలు మండకపోతే ప్రాజెక్టు వాపస్ పోతది, నా ఇజ్జత్ పోతదని వాడకట్టంత తిరుక్కుంట చెప్పలే?"

చెప్పాను. పొయ్యిలు పంచిన రోజు వీధి మధ్యలో నిలబడి, వేలు చూపించి మరీ చెప్పాను.

"మిగతా ఇండ్లల్ల?"

"అందరు పత్తి చేన్లకు పోతరు. ఇంటికాడ ఉండేది మీ పెద్దమ్మనే గద. గామెనే ఈ కొస నుంచి గా కొస దాక ముట్టిచ్చుకుంట పోతది."

ఒకరిని చూసి ఒకరు నేర్చుకోవడం కాదు, అది మోకాళ్ల నొప్పుల పెద్దమ్మ నడిచే వేగం. ఆరు నెలలుగా నా గ్రాఫుల్లో నడుస్తున్నది ఆమె.

అంతలో ఆమే వచ్చింది, చంకలో పుల్లల కట్టతో. "ఇయ్యాల ఒక్క ఇల్లు గూడ తప్పలే పిల్లా" అంది గర్వంగా.

"మరి రొట్టెలు దీని మీద ఎందుకు చేస్తలేరు?"

అమ్మ పెంక తెచ్చి కొత్త పొయ్యి మీద పెట్టి రొట్టె వేసింది. మంట సన్నగా లేచి నడుమనే తగిలింది. రొట్టె మధ్యలో నల్లగా మాడింది, అంచులు పచ్చి పిండే.

"ఆరు నెలల్ల ఒక్కసారన్న చెప్పకపోతిరి! అన్ని అబద్ధాలే రాయిస్తిరి గద!"

"ఏమబద్ధమాడినమే?" పెద్దమ్మ విరుచుకుపడింది. "పొగ వస్తదా అంటివి, రాదన్నం. వస్తదా మల్ల? రెండు పూటలు ముట్టిస్తున్నరా అంటివి, ముట్టిస్తున్నమన్నం. రొట్టె కాలుతదా అని ఎన్నడన్న అడిగినవా?"

అడగలేదు. ప్రశ్నల కాగితం తయారు చేసింది నేనే. నాలుగు పేజీలు. అందులో రొట్టె అన్న మాటే లేదు. ఆ రొట్టెలు తిని పెరిగినదాన్ని నేను.

"గిది బయటపడితే నీ కొలువుకేమన్న అయితదా?" అమ్మ గొంతు తగ్గించింది. "ఫికర్ చేయకు బిడ్డా. మేం ముట్టిస్తనే ఉంటం తియ్."

ఆ ఓదార్పుకు అంతా కళ్ల ముందు కనబడింది. వందల వాకిళ్లలో ఖాళీగా మండే పొయ్యిలు, వందల ఇళ్ల వెనక కళ్లు తుడుచుకునే ఆడవాళ్లు, కాగితం మీద నా సంతకం.

పెట్టలేదు. నిజం రాసి పంపాను. ప్రొఫెసరు ఫోన్ చేసి, "పొయ్యి పనిచేస్తోంది మేడం, వాడకం వేరే విషయం" అన్నాడు. "మాడిన రొట్టె పంపిస్తాను, తిని చెప్పండి సార్" అన్నాను. కమిటీ ముందు మళ్లీ అవే గ్రాఫులు పెట్టి, ఈ గీతల్లో నడుస్తున్నది ఒక ముసలామె అని చెప్పుకోవాల్సి వచ్చింది. నేను నోరు మూయించినాయనే ఎదురుగా ఉన్నాడు. నవ్వుతాడనుకున్నాను. "ఇంతకీ రొట్టె పెంక ఎంత వెడల్పుంటుంది మేడం?" అని అడిగాడు. నా దగ్గర ఆ కొలత కూడా లేదు.

పంపిణీ ఆగిపోయింది. పొయ్యి మూతి మార్చి, అదే వీధిలో మళ్లీ పరీక్షించడానికి మాత్రం గడువిచ్చారు.

మార్చిన పొయ్యిని అమ్మ ముందు పెట్టి, "నా ఇజ్జత్ సంగతి ఇడిసిపెట్టు, బాగలేకపోతే తిట్టు" అన్నాను. అమ్మ రొట్టె వేసింది, తిప్పింది, ఎత్తి వెలుతురుకు పట్టి చూసింది. పెద్దమ్మ తొంగి చూసింది. ఇద్దరూ మొహాలు చూసుకున్నారు.

"నడుమ మంచిగనే కాలింది" అంది అమ్మ. "గీ అంచు సూడు, ఇంక పచ్చిగనే ఉన్నది. రాస్కో."