ఏదులవాళ్ళు, ఎద్దులవాళ్ళు

మా ఇంటిపేరు ఏదుల. ఏదు అంటే ముళ్ళపంది. కర్నూలులో ఏ ఆఫీసుకు పోయినా ‘ఎద్దుల’ అని రాసేవారు. మా నాయన ఆ బల్ల దగ్గరే నిలబడి దిద్దించేవాడు. “ఎద్దులోళ్ళు ఊరూరా ఉంటారు సార్. ఏదులోళ్ళం మేమొక్కరమే” అనేవాడు.

నిజానికి ఇంకొక ఇల్లు ఉండాలి. నాయన తండ్రిని మేము అబ్బ అంటాం. ఆ అబ్బ తమ్ముడు, పొలం దగ్గర మాటామాటా పెరిగి, భార్యనూ కొడుకునూ వెంటబెట్టుకుని ముగ్గురాళ్ళ గనుల్లో పనికని మంగంపేటకు వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు. ఆ కొడుకూ మా నాయనా ఒకే కంచంలో తిన్నవాళ్ళు. ముసలితనం వచ్చేకొద్దీ నాయనకు తమ్ముడి వరసయ్యే అతని మీద బెంగ ఎక్కువైంది.

నేను ఓటర్ల జాబితాల్లో, ఇంటర్నెట్‌లో వెతికాను. ఏదుల, ఎదుల, ఏడుల, ఈదుల, ఇంగ్లీషులో ఎన్ని రకాలుగా రాయొచ్చో అన్ని రకాలుగానూ చూశాను. ఎద్దుల మాత్రం చూడలేదు. వాళ్ళు వేరే అని నాయన చిన్నప్పటినుంచీ చెప్పిన మాట మనసులో అలా నాటుకుపోయింది.

చివరికి ఒక ఎండాకాలం ఇద్దరం బస్సెక్కి మంగంపేటకే వెళ్ళాం. ఊరి మొదట్లో టీ అంగడి. నాయన అడిగాడు.

“ఏమప్పా, ఏదులోళ్ళు యాడుంటారు?”

“ఆ పేరు ఇనలేదే పెద్దాయనా. ఎద్దులోళ్ళు ఉండారు. అదో, ఎదురుగా ఉండే ఇల్లే.”

“వాళ్ళు గాదులేప్పా” అన్నాడు నాయన. ఆ ఇంటివైపు ఒకసారి చూసి, టీ తాగి, బస్సు కోసం రోడ్డు మీదికి వచ్చాడు. తిరుగుప్రయాణంలో కిటికీ వైపే చూస్తూ కూర్చున్నాడు. తర్వాత ఎక్కువకాలం బతకలేదు.

పోయిన ఏడాది కడపలో ఒక స్నేహితుడి కూతురి పెళ్ళికి వెళ్ళాను. పెళ్ళికొడుకు ఇంటిపేరు ఎద్దుల. తలంబ్రాలకు ముందు అతని జేజి, అంటే నాయనమ్మ, లేచి, చీరకొంగు ముడి విప్పి, నలుపూ తెలుపూ చారల ఏదుముల్లు తీసి, దానితో పెళ్ళికూతురికి పాపట తీసింది. మా ఇంటి పెళ్ళిళ్ళలో తప్ప ఆ పని నేను ఇంకెక్కడా చూడలేదు.

భోజనాలయ్యాక ఆమె దగ్గరికి వెళ్ళి కూర్చున్నాను.

“అమ్మా, ఆ ముల్లు మీ ఆనవాయితీనా?”

“మా మామ తెచ్చినాడు నాయనా, కర్నూలు తట్టునుంచి. మాది ఏదులోళ్ళ ఇల్లంట. గనిలో హాజరు రాసేటాయన ఎద్దులని రాసినాడు. మా మామకు సదువు రాదు. అదే నిలిచిపోయింది.”

మా అబ్బ పేరు చెప్పాను. ఆమె నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. “అయితే నువ్వు మా బావ కొడుకువి! మీ నాయన ఉండాడా?”

లేడన్నాను. తన భర్త కూడా అంతకుముందు ఏడాదే కాలం చేశాడని చెప్పింది. దాచాలనిపించలేదు, టీ అంగడి సంగతి చెప్పేశాను.

“అయితే మా ఇల్లు చూసే పోయినాడు,” అంది ఆమె. “మీ చిన్నాయన అప్పుడు మంచంలో ఉన్న్యాడు. లేసేదానికి శాతనయ్యేది కాదు. మాటలు మాత్రం శానా మాట్లాడేటోడు. అన్న యాడుండాడో అని అడగని దినం లేదు నాయనా.”

పెళ్ళికొడుకును పిలిచి, పెదనాయన అని చెప్పి నా కాళ్ళకు మొక్కించింది. ఇంటిపేరు మళ్ళీ మార్చుకోవాలా అని అతను అడిగాడు. సర్టిఫికెట్లన్నీ ఎద్దుల పేరుతోనే ఉన్నాయి. “ఇంగ ఎట్లుండాదో అట్లే కానీలే” అంది ఆమె.

ఇప్పుడు రాకపోకలున్నాయి. వాళ్ళ ఇంటికి వెళ్ళినప్పుడు ఆమె నాకు వడ్డించి పక్కన కూర్చుంటుంది. ఆ అన్నదమ్ములిద్దరూ మాట్లాడుకోవలసినవి మేమిద్దరం మాట్లాడుకుంటాం. మాకు తెలిసింది కొంచెమే. తొందరగానే అయిపోతుంది.