ఎండు చేపల మధ్య ఫుట్‌బాల్

కళింగపట్నం దగ్గరి బడికి డ్రిల్లు మేష్టారుగా వచ్చిన కొత్తలో, అరవై ఏడులో, సోములు ఒక సంగతి గమనించాడు. మైదానంలో ఇరవై నలుగురు పరుగెడుతున్నా బంతి ముగ్గురు పెద్ద కుర్రాళ్ళ కాళ్ళ దగ్గరే తిరిగేది. రాముడనే బక్కపిల్లాడు సాయంత్రమంతా కాచుకుని, బంతిని తాకకుండానే ఇంటికి పోయేవాడు.

మేష్టారు మైదానాన్ని సున్నంతో చిన్న గడులుగా గీశాడు. గడికి ఇటు నలుగురు, అటు నలుగురు. ఒక గడిలో అసలు బంతి, మిగతావాటిలో గుడ్డలు కుక్కి వలతాడు చుట్టినవి. అంత ఇరుకులో బంతి ఎవరికైనా రాక తప్పదు. ఆపాలి, తలెత్తి చూడాలి, పక్కవాడికి అందించాలి. కొద్దిరోజుల్లోనే రాముడి కాలికి బంతి అలవాటైంది.

బడి కమిటీ ప్రెసిడెంటు నరసింగరావుకు ఇది కంటగింపైంది.

"ఏటి మేష్టారూ, తొక్కుడుబిళ్ళ ఆడిత్తన్నావా? పదకొండు మంది లేకపోతే అది ఫుట్‌బాలేటి?"

"పదకొండు మందికీ ఆట రావాలనే ఇలాగ ఆడిత్తన్నానండి."

"నా మైదానంలో కుదరదు."

"అయితే మైదానం మీరే ఉంచుకోండి."

ఆ సాయంత్రమే పిల్లల్ని సముద్రపొడ్డుకు తీసుకుపోయాడు. అక్కడ నెత్తళ్ళనే చిన్న చేపలు ఎండబెట్టే దాలమ్మ, పరచిన వలల మధ్య ఖాళీ చూపించింది.

"ఆడుకోండి. నా నెత్తళ్ళ మీద బంతి పడిందా, కోసి పులుసెట్టేత్తాను."

ఆ భయానికి పిల్లలు బంతిని నేలబారుగా నడపడం నేర్చారు.

బదిలీ చేయిస్తానని ప్రెసిడెంటు బడి జవానుతో కబురంపాడు. "సేయించుకోమను" అన్నాడు సోములు, ఈల ఊదడం ఆపకుండా.

శీతాకాలంలో నరసన్నపేటలో పోటీ జరిగింది. అవతలివాళ్ళు పొడగరులు, గట్టివాళ్ళు. సోములు పిల్లలు మూడు గోల్సు తిని రెండు కొట్టారు. రెండోది, ఆరుగురి కాళ్ళు మారి వచ్చిన బంతిని రాముడు తోసింది.

"ఓడిపోనారు కదా" అన్నాడు నరసింగరావు.

"ఓడిపోనాం. మీ ముగ్గురు మొనగాళ్ళతో కిందటేడు ఒక్క గోలూ లేదు."

పైవాళ్ళ దగ్గర ప్రెసిడెంటు పలుకుబడి పనిచేసింది. వేసవి సెలవులు కాగానే సోములుకు భోగాపురానికి బదిలీ అయింది. బస్సు దగ్గరికి నరసింగరావే వచ్చాడు.

"తప్పయిందని ఒక్క ముక్క అను. ఇక్కడే ఉంచేత్తాను."

సోములు ట్రంకుపెట్టె బస్సు మీదికి అందించి చేతులు దులుపుకున్నాడు.

"తప్పు సేత్తే అందును. పిల్లగుంటలు ఒడ్డున ఆడతన్నారు, ఎల్లి సూడండి" అని ఎక్కి కూర్చున్నాడు.