జమ్మలమడుగు దాకా వెళ్ళిన ప్రేమ నవల

కర్నూలులో మా ఎదురింటి సరోజ వదిన నాతో మాట్లాడడం మానేసి ఇరవై మూడు రోజులయింది. కారణం ఒక నవల. ముక్కు మీద కోపం ఉండే ఇంజనీరూ, అతని ఆఫీసులో పనిచేసే అమ్మాయీ మూడు వందల పేజీలు పోట్లాడుకుని చివరికి పెళ్ళి చేసుకునే నవల. వదిన పెళ్ళికాక ముందు కొనుక్కున్నది, ఇప్పుడెక్కడా దొరకదు. నేను చదువుతానని తీసుకుని, ఆమెను అడక్కుండానే నంద్యాలలో ఉండే మా పిన్ని కూతురు రత్నకు ఇచ్చాను. రత్న ఇంకెవరికో ఇచ్చింది. ‘తప్పయింది వదినా’ అని ఆ రోజే అనుంటే అక్కడితో పోయేది. నేను మాత్రం, ‘చదివితే అరిగిపోతుందా?’ అన్నాను. ఎదురింటి తలుపు ధడాలున పడింది. పుస్తకం తెచ్చి ఆమె చేతిలో పెడితే ఆ ‘తప్పయింది’ అనాల్సిన బాధ తప్పుతుందనుకుని ఒక శనివారం బయల్దేరాను.

పొద్దున ఆరుంబావుకి నంద్యాల ఎక్స్‌ప్రెస్. ఆధార్ కార్డు చూపిస్తే కండక్టరు సున్నా టికెట్టు కొట్టి ఇచ్చాడు. ఆడవాళ్ళకు బస్సు ఉచితమైనప్పటి నుంచీ కిటికీ పక్క సీటు కావాలంటే ఆరింటికల్లా బస్టాండులో ఉండాలి. ఈ దారిన రాదలచుకున్న వాళ్ళు గుర్తుంచుకోండి. ఓర్వకల్లు గుట్టలు దాటేసరికి ఎండ మొహం మీదికి వచ్చింది. పక్క సీట్లో ఉన్న పెద్దావిడ మహానందికి పోతోంది. నా పనేమిటో అడిగి, విని, ఒక కథల పుస్తకానికి ఇంత దూరమా అని నవ్వింది. ఐదు నిమిషాలైనా కాకముందే, “ఇంతకీ ఆ ఇంజనీరు మంచోడేనా?” అంది. దాంతో నంద్యాల దాకా కథ చెప్పాల్సి వచ్చింది. అసలు మలుపు రాకముందే బస్టాండు వచ్చేసింది. పాపం, ఆమె దిగలేక దిగింది.

ఎనిమిదింటికి రత్న బస్టాండులోనే ఎదురైంది. డబ్బాలో ఉగ్గాని, బజ్జీలు తెచ్చింది. తప్పుచేసినప్పుడు రత్న వంట బాగా చేస్తుంది. నవల తీసుకుపోయింది జమ్మలమడుగులో మగ్గం నేసే లక్ష్మి అట. “నేనేం చేసేదక్కా? చీర ఇచ్చేదానికి వచ్చినాది. ఇరవై పేజీలు చదివి కింద పెట్టలేకపాయ” అంది. తొమ్మిదింటికి ప్రొద్దుటూరు బస్సెక్కించి, మర్చిపోకుండా నవలను తనకే మళ్ళీ పంపమంది.

ఆళ్ళగడ్డ దాటాక కునుకు తీశాను. మైదుకూరులో మెలకువ వచ్చింది. పన్నెండున్నరకు ప్రొద్దుటూరులో కారం దోసె తిన్నాను. కళ్ళలో నీళ్ళొచ్చినా ఇంకొకటి చెప్పాను. ఒంటిగంటకు జమ్మలమడుగు బస్సు. అందులో కండక్టరుతో సహా ముగ్గురు, గండికోటకేనా అని అడిగారు. కాదంటే ఎవరూ నమ్మలేదు. ఈ కథనంలో గండికోట వర్ణన ఉంటుందని ఆశపడ్డ పాఠకులు నన్ను క్షమించాలి.

రెండింటికి లక్ష్మి ఇల్లు కనుక్కున్నాను. ముందు గదిలో గుంట మగ్గం మీద ఆమె భర్త నారాయణ నేస్తున్నాడు. చుట్టూ ఆరేడుమంది ఆడవాళ్ళు రాట్నాల మీద కండెలకు దారం చుడుతున్నారు. మధ్యాహ్నం పూట లక్ష్మి పని ఆపి నవల పైకి చదువుతుంది, మిగతావాళ్ళు ఆమె వంతు కండెలు కూడా చుట్టిపెడతారు. అదీ వాళ్ళ ఒప్పందం. మగ్గం చప్పుడుకి మాటలు వినబడవు కాబట్టి, ముఖ్యమైన చోట నారాయణ తెగని పోగులు అతుకుతూ కూర్చుంటాడట.

నవల చూడగానే ప్రాణం లేచొచ్చింది. అట్ట భద్రంగా ఉంది. చివర తిప్పి చూద్దును కదా, ఆఖరి కాగితం లేదు.

లక్ష్మి తలొంచుకుంది. కుట్టు వదులై ఆ కాగితం ఊడిపోయిందట. చీర మడిచేటప్పుడు జరీ రాసుకోకుండా మడతల్లో కాగితం పెట్టడం వీళ్ళ అలవాటు. నాలుగు రోజుల కిందట నారాయణ చేతికందిన కాగితం పెట్టి చీర మడిచి దుకాణానికి వేశాడు. ఆ చీర అప్పుడే ఏదో పెళ్ళివారింటికి పోయింది. ఇంజనీరు పెళ్ళి మాత్రం వీళ్ళకు చేరలేదు.

వాళ్ళిద్దరూ కలుస్తారని నేను చెప్పాను. లక్ష్మి ఒప్పుకోలేదు. “కలుస్తారని మాకూ తెలుసక్కా. ఏమనుకుంటారో ఆ మాటలు కావాల” అంది.

ఆ మాటలు నాకు గుర్తులేవు. గుర్తున్న మనిషి ఒకతే. నా ఫోను ఎత్తదు కాబట్టి లక్ష్మి ఫోనులోంచి, అందరికీ వినబడేలా స్పీకరు పెట్టించి, చేయించాను. లక్ష్మి జరిగిందంతా చెప్పింది, నేను పక్కనే ఉన్నానని కూడా చెప్పేసింది. పుస్తకమూ పోయింది, వదినా పోయింది అనుకున్నాను.

అప్పుడు వదిన మొదలుపెట్టింది. రైల్వే స్టేషను, వాన, కదలబోతున్న రైలు, తడుస్తూ నిలబడ్డ అమ్మాయి, పరుగెత్తుకొచ్చిన ఇంజనీరు. ఒక్క మాట తడుముకోకుండా చెబుతోంది. రాట్నాలు ఆగాయి. నారాయణ ఏ సాకూ లేకుండానే మగ్గం ఆపేశాడు.

“ఆ పిల్ల చెయ్యి పట్టుకుని ఒక మాటంటాడు” అని వదిన ఆగింది. ఏం మాటని అందరూ ఒకేసారి అడిగారు.

“మీ పక్కన ఉండాదే కర్నూలామె, ఆమె నాకు చెప్పాల్సింది ఒకటుండాది. అది చెప్తేనే ఇది చెప్తా.”

అందరూ నా వైపు తిరిగారు. లక్ష్మి అత్త ఓబులమ్మ రాట్నం పక్కకు నెట్టింది. “చెప్పు మే, ఏం పోతాది? ఆ పిల్ల వానలో తడస్తాండాది” అంది.

ఇరవై మూడు రోజులు గొంతులో అడ్డంపడ్డ మాట ఓబులమ్మ ముందు అనాల్సి వచ్చింది. “వదినా, నిన్ను అడక్కుండా ఇచ్చినా. తప్పు నాదే. నువ్వు మాట్లాడకుంటే నాకు ఇంట్లో ఉండబుద్ధి కావడంలే.” చివరి ముక్క అనుకోకుండా వచ్చేసింది. నిజమే కాబట్టి వచ్చినట్టుంది.

వదిన గొంతు సవరించుకుని పెళ్ళి జరిపించింది. లక్ష్మి రెండోసారి చెప్పించుకుని, కాగితం మీద రాసి, నవల చివర అతికించింది.

నాలుగున్నరకు జమ్మలమడుగులో ఎక్కి, ప్రొద్దుటూరులో నంద్యాల బస్సు పట్టుకున్నాను. ఆడవాళ్ళ చేతుల్లో ఒక నవల ఎన్ని ఊళ్ళు తిరగగలదో ఈ ప్రయాణంలో చూశాను. చాగలమర్రి దగ్గర పొద్దు వాలింది. మైదుకూరులో ఎక్కి నా పక్కన కూర్చున్నావిడ, చూసిస్తానని నా చేతిలోంచి నవల తీసుకుని అప్పటికే పదకొండు పేజీలు చదివేసింది. చదివి పంపిస్తాను, ఇస్తావా అని అడిగింది.

ఒక్క నిమిషం ఆగమని వదినకు ఫోను చేశాను. మొదటి రింగుకే ఎత్తింది. సంగతి చెప్పి, ఇవ్వమంటావా అని అడిగాను.

“ఇయ్యి” అంది వదిన. “ఆమె ఊరి పేరు రాసుకో. ఈసారి తెచ్చేదానికి ఇద్దరం పోదాం.”