తలెత్తి మొక్కిన పెద్దమ్మ

పోయిన ఆదివారం పొద్దున లక్సెట్టిపేటలో మా పక్కింటి పెద్దమ్మ కన్నుమూసింది. చర్చికి పోదామని అరుగు మీద కూర్చుని తల దువ్వుకుంటూ, "జర అలుపొస్తాంది" అన్నదట. ఆమె భర్త, మా పెద్దబాపు, మంచినీళ్లు తెచ్చేసరికి గోడకు ఒరిగి ఉంది. గుండె ఆగిందన్నారు. ఫోన్‌లో ఈ సంగతి చెప్పి మా అమ్మ, అదే మా అవ్వ, "గంత పెద్ద గండం దాటింది, గిట్ల కూసున్నకాడ పోయింది బిడ్డా" అని ఏడ్చింది.

ఆ గండంలో నేను ఆమె పక్కనే ఉన్నాను.

మా బాపు సాంచెల మీద, అంటే మరమగ్గాల మీద, బట్ట నేసేవాడు. పెద్దమ్మ వాళ్లది మిషన్ చర్చి కుటుంబం. రెండిళ్లకూ మధ్య నడుమెత్తు గోడ. వాళ్లకు పిల్లల్లేరు. పరీక్ష తప్పినా, ఇంట్లో తిట్లు తిన్నా నేను ఆ గోడ దాటేదాన్ని. పెద్దమ్మ అల్లం దంచి వేసిన చాయ్ చేతికిచ్చి, "ఏమైందో చెప్పు. చాయ్‌నూ మాటనూ సల్లారనియ్యొద్దు" అనేది.

కొన్నేళ్ల కింద పెద్దమ్మకు పక్కచూపు తగ్గింది. నడుస్తుంటే తలుపురెక్కలు తగిలేవి. మెదడు అడుగున చిన్న గడ్డ ఉందని తేలితే, కరీంనగర్‌లో ముక్కులోంచే ఆపరేషన్ చేసి తీశారు. చూపు తిరిగొచ్చింది. సంబురంగా ఇల్లు చేరింది.

తర్వాత చర్చిలో ప్రార్థనకు తల వంచినప్పుడల్లా ముక్కు నుంచి నీళ్లు కారి ఆమె కొంగు తడిసేది. ఏడుస్తున్నదనుకున్నారు అందరూ. పాస్టరుగారు వచ్చి ఓదార్చారట కూడా. అంత మంచిగా మాట్లాడుతుంటే కాదనడమెందుకని ఊరుకుందట.

ఒక సాయంత్రం ఆమె వంగి పుంటికూర తెంపుతుంటే నేను చూశాను. ముక్కు ఒక పక్కనుంచే తేటనీటి చుక్కలు ఆకుల మీద పడుతున్నాయి.

"పడిశమా పెద్దమ్మా?"

"గంతే గావొచ్చు. గొంతుల జర ఉప్పగ తగుల్తాంది."

"పడిశం గింత తేటగుంటదా? ఒక్క దిక్కే కారుతదా? డాక్టర్‌కు చెప్పినవా?"

"చెప్పలే. మళ్ల దవాఖానంటే మీ పెద్దబాపు పరేషాన్ అయితడు."

"మాట సల్లారనియ్యొద్దన్నది నువ్వే గదా."

తెంపిన ఆకు పక్కన పెట్టి లేచింది. "పా. చీర మార్చుకుంట."

ఆ రాత్రి కరీంనగర్ చేరేసరికి పెద్దమ్మ ఒళ్లు కాలిపోతోంది. మెడ బిగుసుకుపోయింది. దవాఖానలో డాక్టరమ్మ ఆమెను మెల్లగా ముందుకు వంచి, ముక్కు కింద చిన్న సీసా పట్టింది. "ఇది పడిశం కాదు. మెదడు చుట్టూ ఉండే నీరు. ఆపరేషన్ చేసిన చోట సందు పడింది. నీరు బయటికొచ్చే దారిలోనే క్రిములు లోపలికి పోతాయి" అంది. అప్పటికే లోపలికి పోయాయి. కొన్ని రోజులు పెద్దమ్మ మమ్మల్ని గుర్తుపట్టలేదు. నన్ను ఎప్పుడో చనిపోయిన తన చెల్లెలి పేరుతో పిలిచింది. పెద్దబాపు మంచం పక్కన ప్రార్థన మొదలుపెట్టేవాడు. సగంలోనే ఆపి ఆమె దుప్పటి సర్దేవాడు.

జ్వరం దిగాక మళ్లీ ఆపరేషన్ చేశారు. తొడలోంచి కాస్త కొవ్వు తీసి ఆ సందు పూడ్చారు. పూడ్చిన చోట ఒత్తిడి పడకుండా నడుములోంచి సన్నని గొట్టం వేసి, వెన్నులోనూ పారే ఆ నీటిని కొంచెం కొంచెంగా తీశారు. తెలివి పూర్తిగా వచ్చాక పెద్దబాపు ఇదంతా చెబితే పెద్దమ్మ కళ్లు మూసుకునే విన్నది.

"తొడ కొవ్వా? ఇన్నేండ్లు సాదినందుకు అక్కరకొచ్చింది."

పెద్దబాపు నవ్వబోయి ముఖం తువ్వాలలో దాచుకున్నాడు.

ఇంటికొచ్చాక వంగొద్దు, బరువెత్తొద్దు, తుమ్మొస్తే ఆపుకోకుండా నోరు తెరిచి తుమ్మాలి అన్నారు. మా అవ్వే వాళ్ల వాకిలి కూడా ఊడ్చేది. పెద్దమ్మ తుమ్మితే వాడకట్టంతా వినబడేది. వెంటనే గోడ మీదుగా, "ఫికర్ చెయ్యకుండ్రి, మంచిగనే ఉన్న" అని చెప్పేది.

పూర్తిగా మానాక తల వంచొచ్చని డాక్టరమ్మ చెప్పింది. అయినా చర్చిలో అందరూ తలలు వంచితే ఆమె ఒక్కతే ముఖం పైకెత్తి కూర్చునేది. ఎందుకని అడిగాను.

"కిందికి సూసి శానా మొక్కిన బిడ్డా. ఇగ ఎదురుంగనే మాట్లాడుత."

అవ్వ ఫోన్ చేయగానే ఊరికి బయల్దేరాను. సమాధి కార్యక్రమం అయ్యాక అందరం వాళ్లింటికి వచ్చాం. దండెం మీద ఆమె పోయే ముందురోజు ఉతికి ఆరేసిన నీలం చీర అట్లాగే ఉంది. మా అవ్వ దాన్ని తీసి ఒక కొస పట్టుకుంది. పెద్దబాపు వచ్చి రెండో కొస అందుకున్నాడు. ఇద్దరూ వాకిట్లో ఎడంగా నిలబడి చీరను సాపు చేశారు. కొసలు కలపడానికి ఒకరి వైపు ఒకరు మెల్లగా నడిచారు. దగ్గరికి వచ్చాక అవ్వ తన కొసను ఆయన చేతుల్లో పెట్టింది. అప్పటికి బట్ట ఆరి చాలాసేపయింది. ఆయన మాత్రం దాన్ని ఇంకా ఎండలోనే పట్టుకుని నిలబడ్డాడు.