వినకుండా అన్న రోజర్

కొండ మీది ఆర్మీ పోస్టుకి మొదటిసారి చేరేసరికి పగలు పన్నెండున్నర. పదమూడు వేల అడుగుల ఎత్తు. వీపు మీద ముప్ఫై కిలోలు. చోడవరం ఎండకి అలవాటుపడ్డ ఒళ్లు, గాలి తగలగానే పళ్లు టకటకలాడాయి. మూడు బంకర్లు, ఒక మోర్టార్, ఒక జనరేటర్. అంతే పోస్టు.

మోర్టార్ గొట్టంలో గుండు జారవిడిచేది నేనే. మా జట్టులో ఒక పాడు అలవాటు ఉండేది. కుడి చెవికి ప్లగ్, ఎడమ చెవి ఖాళీ. ఆర్డర్ వినపడాలి కదా! రెండు చెవులూ మూసుకున్నవాణ్ణి కొత్త పెళ్లికూతురని ఏడిపించేవాళ్లం. మూడో నెలలో ఎడమ చెవిలో సన్నగా కూత మొదలైంది. మరి ఆగలేదు.

ఎవరికీ చెప్పలేదు. చెబితే మెడికల్ కేటగిరీ తగ్గించి కిందికి దింపేస్తారు. పరువు పోతుందని భయం. చెవుల పరీక్ష నిశ్శబ్దంగా ఉన్న గదిలో చేశారు. అన్నీ వినిపించాయి, పాసయ్యాను. తరవాత రేడియో డ్యూటీ వేశారు.

గస్తీ జట్టులో రేడియో మోసేది రమణ. వాడిది చీడికాడ. పోస్టులో తెలుగువాళ్లం మేమిద్దరమే. ఒక రోజు 13:40కి వాడితో కలిపి నలుగురు గస్తీకి బయల్దేరారు. మూడింటికి గాలి లేచింది. జనరేటర్ నా బంకర్ గోడకి ఆనుకునే మోగుతోంది. 15:25కి రమణ పిలిచాడు. గొంతు వాడిదని తెలుస్తోంది, మాట తేలడం లేదు. మళ్లీ చెప్పమన్నాను. చెప్పాడు. ఇంకోసారి అడిగాను.

"ఎన్నిసార్లు సెప్పాలిరా? ఇనపడతందా లేదా?"

గాలి కాస్త ఆగినప్పుడు ఆ ఒక్క ముక్కే చెవిన పడింది. సిగ్గేసింది. వాడు మళ్లీ చెప్పడం అయిపోగానే "రోజర్" అన్నాను. రోజర్ అంటే నీ మాట అందింది అని. నాకేమీ అందలేదు. హవల్దార్ వచ్చి అడిగితే మామూలు రిపోర్టే అన్నాను.

అప్పటికే రమణ లోయలోకి జారి కాలు విరగ్గొట్టుకున్నాడు. అన్నిసార్లూ నన్ను అడిగింది తాడు పంపమనే. నా రోజర్ విని, తాడు వస్తోందని పైనున్న ముగ్గురికీ కేకేసి చెప్పాడు. ఆ మాట నమ్మి వాళ్లు గంటన్నర కదలకుండా కాశారు. చివరికి ఒకడు పోస్టుకి నడిచొచ్చి చెప్పాడు. మేం తాడు దింపేసరికి రమణ ప్రాణం పోయింది. విచారణలో వాతావరణం బాగోలేదని రాసుకున్నారు. నేను నోరు విప్పలేదు. పిరికివెధవని.

సర్వీసు ముగిశాక చోడవరం వచ్చేశాను. విశాఖలో చెవి డాక్టరు చాలా పరీక్షలు చేశాడు. పెద్ద శబ్దానికి చెవిలో ఒక చిన్న కండరం దానంతటదే బిగుసుకుని లోపలి చెవిని కాస్తుందట. మోర్టార్ మోత అది బిగుసుకునేలోపే లోపలికి దూరిపోతుందట. నా ఎడమ చెవిలో ఆ బిగింపు బాగా తగ్గిందన్నాడు. నిశ్శబ్దంలో అన్నీ వినపడి, గోలలో మాట తేలకపోవడానికి అదీ ఒక కారణం కావచ్చన్నాడు.

ఉన్నది చెప్పేద్దామని చీడికాడ వెళ్లాను. రమణ తల్లి మంచినీళ్లిచ్చి ఎదురుగా కూర్చుంది. నాకు చెవుడని ఆవిడకి ఎవరో చెప్పారు.

"మా గుంటడు ఆకర్న నీతోనే మాట్టాడేడట కదా బాబూ. ఏటన్నాడు?"

నేను తల దించుకుని గ్లాసులో నీళ్లకేసే చూస్తున్నాను. వినపడలేదనుకుంది పాపం. లేచి వచ్చి, నా ఎడమ చెవి దగ్గరికి వంగి, ఒక్కో మాటా విడదీసి గట్టిగా మళ్లీ అడిగింది.

నాకు మొదటిసారే వినపడింది.