మొగలో లైటు, తెరమీద మొహం

బాపట్ల జిల్లా ఏర్పడిన మరుసటి ఏడు నన్ను తెనాలి నుంచి రేపల్లె డివిజన్‌కు పౌర సంబంధాల అధికారిగా వేశారు. రిటైర్మెంటు దగ్గర పడ్డవాణ్ణి కాబట్టి పని తక్కువున్న చోటికి పంపామనుకున్నారు పైవాళ్లు. నేనూ అలాగే అనుకుని, తెల్లవారుజామున ఫజర్ నమాజు చేసుకుని రోజూ తెనాలిలో రైలెక్కేవాణ్ణి.

మా ఉద్యోగంలో సగం ఖండనలే. పేపర్లో ఒక శాఖ మీద వార్త వస్తే, ఆ శాఖ నుంచి వివరణ తెప్పించి, వార్త వాస్తవ విరుద్ధమని రాసి పేపరుకు పంపాలి. వార్త నిజమైతే వివరణ కాస్త పొడుగ్గా ఉంటుంది, అంతే తేడా. యూట్యూబ్ చానళ్లు పెరిగాక ఖండనలు చాలవని జిల్లా ఆఫీసులో కృత్రిమ మేధతో పనిచేసే సాఫ్ట్‌వేర్ పెట్టారు. అనుమానం కలిగిన వీడియోకి అది ఎర్ర గుర్తు పెడుతుంది. డివిజన్ అధికారి విచారించి సంతకం చేస్తే, తొలగించమని ప్లాట్‌ఫామ్‌కు ఫిర్యాదు వెళుతుంది. విచారణ అంటే సంతకమేనని నాకు ముందే అర్థమయ్యేలా చెప్పారు.

నాకొచ్చిన మొదటి ఎర్ర గుర్తు నాగమణి చానల్‌ది. ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర, వేటపడవల రేవులో ఉండే అమ్మాయి. గాలి సంగతి, చేపల ధర, రేవు కబుర్లు చెప్పేది. ఆ రేవును పట్టించుకునే చానల్ అదొక్కటే. మొగలో స్తంభం మీద లైటు వెలగడం లేదని, పడవలు ఇసుకమేటకు తగులుతున్నాయని ఆ వీడియో. చదివింది మాత్రం కోటు వేసుకున్న వేరే అమ్మాయి, ఫోనులో తయారైన బొమ్మ. లైటు చక్కగా వెలుగుతోందని సంబంధిత ఆఫీసు ఫోటోతో సహా వివరణ పంపింది, ఆ ఫోటోను ప్రభుత్వ పేజీలోనూ పెట్టింది. చానల్ మీద అప్పటికే రెండు ఫిర్యాదులున్నాయి. మూడోది వెళితే మూతపడుతుంది.

మా శాఖ జిల్లా అధికారి ఫోన్ చేశారు. "మొహమే నకిలీ అయితే ఇంక చూసేదేంటండి? సంతకం పెట్టి పంపేయండి" అన్నారు.

మా మసీదులో హదీసు, అంటే ప్రవక్త చెప్పిన మాటలు, నేర్పిన ఉస్తాద్ గారు ఏ మాటనూ వినగానే నమ్మనిచ్చేవారు కాదు. ఎవరు చెప్పారు, ఆయన ఎవరి నోట విన్నారు, చివరి మనిషి కళ్లారా చూశాడా అని వరసంతా అడిగేవారు. మధ్యలో ఒక్కరు నిలవకపోయినా ఆ మాట పక్కన పెట్టేవారు. తెలియనిదానికి సంతకం పెట్టి శుక్రవారం జుమ్మా నమాజులో నిలబడడం నాకు చేతకాదు. అందుకని ఆ వరసే పట్టుకున్నాను.

వివరణ పంపిన ఆఫీసులో అడిగితే, ఆ ఫోటోను అసిస్టెంటు ఇచ్చాడన్నారు. అసిస్టెంటుకు లైటు బిగించే కాంట్రాక్టరు పంపాడట. ఫోన్ చేస్తే కాంట్రాక్టరు చీరాలలో పెళ్లిలో ఉన్నాడు. "పగలు తీసిన ఫోటోనే సార్. కొంచెం చీకటి చేసి లైటు వెలిగించమని ఫోన్‌ని అడిగానండి, అంతే. ఎటూ వచ్చే వారం బిగించేస్తాం గదా" అన్నాడు. దాపరికం లేని మనిషి.

రేవుకు వెళ్లాను. నాగమణి మామగారు వల బాగుచేసుకుంటున్నాడు. "చానల్ మూయడానికొచ్చారా సాయిబుగారూ? మూసెయ్యండి. మా కోడలు పొయ్యి దగ్గరికే రావట్లేదు" అన్నాడు.

"పొద్దున్నే గాలెట్టా ఉందని నన్నే గదా అడిగావు మావయ్యా" అంది ఆ అమ్మాయి లోపల్నుంచి.

బొమ్మ ఎందుకమ్మా అన్నాను. "మొహం చూపించొద్దన్నాడండి మా మావయ్య. రాసేది నేనేనండి" అంది.

లైటు సంగతి ఎవరు చెప్పారని అడిగాను. ఆమె భర్తేనట. మేటకు తగిలింది అతని పడవే. పగిలిన చెక్క ఒడ్డునే ఉంది. వరస ఒక్క మనిషితో అయిపోయింది. స్తంభం నేనూ చూశాను. పైన లైటే లేదు, తీగ వేలాడుతోంది.

వార్త నిజం, ఫోటో కల్పితం, ఫిర్యాదు అక్కర్లేదని నివేదిక పంపాను. జిల్లా అధికారి చదివి, "మీరు రాసింది ఎక్కించడానికి సాఫ్ట్‌వేర్‌లో గడి లేదండి" అన్నారు. గడి లేకపోవడం వల్ల ఫిర్యాదు వెళ్లలేదు. రేపల్లె డివిజన్‌లో వార్తా స్వేచ్ఛ ఆ విధంగా నిలబడింది.

తర్వాత లైటు బిగించారు. నాగమణి వీడియో కింద ప్లాట్‌ఫామ్ వారు 'ఇందులో కృత్రిమ దృశ్యాలు ఉన్నాయి' అని హెచ్చరిక తగిలించారు. ఆఫీసు ఫోటో ఏ హెచ్చరికా లేకుండా ప్రభుత్వ పేజీలో నేను రిటైరయ్యేదాకా ఉంది.

వార్త చదివిన మొహం అసలుదో కాదో యంత్రం చెప్పగలదు. ఆ మాట ఎవరి కళ్లతో మొదలైందో తెలియాలంటే ఒక ఉద్యోగి వెళ్లి అడగాలి. అలా వెళ్లడం మా విధుల్లో ఇంకా చేర్చలేదు.